ఫోటో అబద్ధం చెప్పిందా, మనమే అలా విన్నామా? సిటీవెస్ట్ నుంచి కంచ గచ్చిబౌలి దాకా

ఈ వారం ఎపిసోడ్ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎడిట్ చేసిన ఫోటో అబద్ధమా? గంటసేపు వినే టైం లేనివాళ్ల కోసం, డ్యూటీకి వెళ్తూ లువాస్‌లో చదువుకునేవాళ్ల కోసం, అందులోని విషయాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాం. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంది.

పైకి ఇది కెమెరా సరదా ఉన్నవాళ్ల ప్రశ్నలా కనిపిస్తుంది. ఊరు వదిలి వచ్చి పని చేసుకుంటున్న మనకి మాత్రం ఇది డబ్బుకి, భద్రతకి సంబంధించిన విషయం. గది ఫోటో చూసి డిపాజిట్ పంపుతాం. రీల్ చూసి తమ్ముడు లోన్ తీసుకుని ఇక్కడికి చదువుకి వస్తానంటాడు. వాట్సాప్‌లో ఒక వీడియో చూసి అమ్మ రాత్రంతా నిద్రపోదు. మన ఊరిని మనం ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తున్నాం. మన ఊరివాళ్లు మనల్ని కూడా అలాగే చూస్తున్నారు. మధ్యలో ఉన్న ఆ ఫోటో ఎంతవరకు నమ్మదగినదో తెలియకపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది.

బటన్ నొక్కగానే ఫోన్ ఏం చేస్తుంది

"నేనేం ఎడిట్ చేయలేదు, ఉన్నదున్నట్టు పెట్టాను" అని చాలామంది అంటారు. మీరు చేయకపోవచ్చు, ఫోన్ చేసింది. ఇప్పటి ఫోన్లు ఒక్క ఫోటో కోసం ఒక్కసారి తీసి ఊరుకోవు. మీ వేలు పడేలోపే వరసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, చీకటి భాగాన్ని ఒక ఫ్రేము నుంచి, ఆకాశాన్ని ఇంకో ఫ్రేము నుంచి తీసుకుంటాయి. మచ్చల్ని తుడిచేస్తాయి, అంచులకి పదును పెడతాయి, రంగుని సర్దుతాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటగానే ఇక్కడ పొద్దు గుంకుతుంది కదా. ఆరింటికి ఫార్చూన్స్‌టౌన్ స్టాప్‌లో నిలబడి నైట్ మోడ్‌లో తీసిన ఫోటో చూడండి. మీ కంటికి కనిపించినదాని కన్నా వెలుతురు ఎక్కువ ఉంటుంది. అక్కడ ఎవరూ మోసం చేయలేదు. అయినా ఆ ఫోటో చూసినవాళ్లు ఆ దారి ఆ టైంలో అంత వెలుతురుగా ఉంటుందనే అనుకుంటారు.

లెన్స్ సంగతీ అంతే. సిటీవెస్ట్ నుంచి దక్షిణంగా చూస్తే డబ్లిన్ కొండలు కనిపిస్తాయి. మామూలుగా తీస్తే అవి దూరాన సన్నని గీతలా ఉంటాయి. బాగా వెనక్కి వెళ్లి, జూమ్ చేసి తీస్తే అపార్ట్‌మెంట్ల వెనకే గోడలా లేచి నిలబడినట్టుంటాయి. కొండ జరగలేదు, మనం దూరం జరిగాం. దూరం నుంచి జూమ్ చేస్తే ముందున్నదీ వెనకున్నదీ దగ్గరికి వచ్చేసినట్టు కనిపిస్తాయి. కోవిడ్ టైంలో బీచ్‌ల మీద, వీధుల్లో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు వచ్చిన కొన్ని ఫోటోల మీద చాలా దేశాల్లో వాదన నడిచింది దీని గురించే. అదే మనుషుల్ని పక్కనుంచి తీస్తే మధ్యలో ఖాళీ కనిపించేది.

వైడ్ యాంగిల్ దీనికి సరిగ్గా తిరగేసి పని చేస్తుంది. గది మూల నుంచి తీస్తే చిన్న గది కూడా హాలులా కనిపిస్తుంది. అద్దె ఇళ్ల ప్రకటనల్లో మనం రోజూ చూసేది అదే.

అంటే మనిషి చేయి పడని ఫోటో అనేది లేదు. ఎక్కడ నిలబడాలి, ఏ టైంలో తీయాలి, దేన్ని ఫ్రేము బయట వదిలేయాలి అనేవన్నీ ఎంపికలే.

మొదటి నుంచీ ఇంతే

నగరం ఫోటోల్లో బాగా పాతవాటిలో ఒకటి 1838లో లూయీ డాగేర్ పారిస్‌లో తీసినది. బూలెవార్డ్ దు తాంపుల్ అనే వీధి. బండ్లతో, జనంతో కిటకిటలాడే దారి. ఫోటోలో మాత్రం వీధంతా ఖాళీ. ఎవరూ చెరిపేయలేదు. అప్పటి ప్లేటు మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టేది కాబట్టి కదిలేదేదీ నమోదు కాలేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఎడిటింగ్ అస్సలు లేని ఆ ఫోటో ఆ వీధి గురించి చెప్పేది తప్పు. ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక ఐర్లాండ్‌కి వద్దాం. ఇక్కడి పాత పోస్ట్‌కార్డులు చూసే ఉంటారు. నీలం ఆకాశం, ఎర్రటి కోట్లు, పచ్చగా మెరిసే గడ్డి. వాటిలో చాలా పేరున్నవి జాన్ హైండ్ కంపెనీవి. హైండ్ 1916లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో పుట్టాడు. రంగుల ఫోటోగ్రఫీలో పేరు తెచ్చుకుని, మధ్యలో కొన్నాళ్లు సర్కస్‌తో తిరిగి, 1950ల రెండో సగంలో డబ్లిన్‌లో పోస్ట్‌కార్డుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి దాచిపెట్టినదేం కాదు. స్లైడుని రంగుల విభజన కోసం ఇటలీలోని మిలాన్‌కి పంపేవారు. ఏ రంగు ఎక్కడ పెంచాలో, ఏ బట్టని ఏ రంగులోకి మార్చాలో సూచనలు కూడా వెళ్లేవి. ముందు భాగంలో చూడ్డానికి బాగోని వస్తువేదైనా ఉంటే, రోడోడెండ్రాన్ పూల కొమ్మ ఒకటి నరికి తెచ్చి దానికి అడ్డం పెట్టేవారు. ఫోటోషాప్ పుట్టకముందే ఇదంతా జరిగింది.

కనెమారాలో గాడిద మీద పీట్ మోస్తున్న ఇద్దరు ఎర్రజుట్టు పిల్లల కార్డు ఆయనదే. ఐర్లాండ్ అంటే ఇలా ఉంటుందని ప్రపంచం ఊహించుకోవడంలో ఆ కార్డుల వాటా చాలా ఉంది. అదే కాలంలో పని దొరక్క ఇక్కడివాళ్లు వేలల్లో ఇంగ్లండ్ పడవలెక్కుతున్నారు. ఆ సంగతి కార్డులో పట్టదు. 1993లో డబ్లిన్‌లోని ఐరిష్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన పనిని ప్రదర్శనగా పెట్టింది. ఒకప్పుడు చవకబారు అనుకున్నవాటిని ఇప్పుడు కళగా, ఒక కాలపు కలగా చూస్తున్నారు.

హైండ్‌ని అబద్ధాలకోరు అనాలా? అనలేం. పోస్ట్‌కార్డు కొనేవాడికి అది పోస్ట్‌కార్డు అని తెలుసు. "సెలవుకి వెళ్లాను, బాగుంది" అని చెప్పడానికి కొంటాడు. దాన్ని చూసి ఎవరూ ఇల్లు కొనరు, కోర్టుకి వెళ్లరు. ఫోటో ఏం మాట ఇస్తోంది, ఆ మాట నమ్మి చూసేవాడు ఏం చేస్తాడు? గీత గీయాల్సింది అక్కడ. ఎంత ఎడిట్ చేశారన్నది దాని తర్వాతి ప్రశ్న.

మాట ఇచ్చి తప్పిన ఫోటో

వార్తా ఫోటో ఇచ్చే మాట వేరు. "ఇది జరిగింది, ఇక్కడ జరిగింది, ఇలా జరిగింది" అని చెబుతుంది. అందుకే వార్తా సంస్థలు వెలుతురు, రంగు కొద్దిగా సర్దడాన్ని, అంచులు కత్తిరించడాన్ని ఒప్పుకుంటాయి. ఫ్రేములోకి కొత్తది తేవడాన్ని, ఉన్నదాన్ని తీసేయడాన్ని ఒప్పుకోవు.

2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో ఇటలీ ఫోటోగ్రాఫర్ జొవాన్నీ త్రొయీలోకి ఒక విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. బెల్జియంలోని షార్లెరోయి అనే పాత పరిశ్రమల నగరం గురించిన ఫోటోల వరస అది. నగరాన్ని చీకటి కొంపలా చూపించారని ఆ నగర మేయర్ ఫిర్యాదు చేశాడు. స్టేజి చేసి తీశారా లేదా అని పెద్ద చర్చ నడిచింది. చివరికి బహుమతి వెనక్కి తీసుకోవడానికి కారణమైంది చిన్న విషయం. వరసలో ఒక ఫోటో తీసింది షార్లెరోయిలో కాదు, బ్రస్సెల్స్‌లోని మోలెన్‌బేక్‌లో. అక్కడ పిక్సెల్ సమస్య లేదు. ఊరి పేరే తప్పు. అదే ఏడాది ఆ పోటీలో చివరి దశలకి వచ్చిన ఫోటోల్లో సుమారు 20 శాతాన్ని ఎడిటింగ్ హద్దు మీరిందని పక్కన పెట్టారు కూడా.

మరుసటి ఏడాది, 2016లో, ఆఫ్ఘన్ అమ్మాయి ఫోటోతో ప్రపంచమంతా తెలిసిన స్టీవ్ మెకరీ వంతు వచ్చింది. ఇటలీలో ప్రదర్శనకి పెట్టిన ఒక క్యూబా వీధి ఫోటోలో స్తంభం అడుగుభాగం అతుకు సరిగ్గా కుదరలేదని ఒకరు గమనించారు. తర్వాత జనం వెతికితే, ఆయన పాత ఫోటోల్లో కొన్నింటిలో మనుషులే మాయమైనట్టు తేలింది. భారత ఉపఖండంలో తీసినవీ వాటిలో ఉన్నాయి. తనని వార్తల ఫోటోగ్రాఫర్‌గా కాక, బొమ్మలతో కథ చెప్పేవాడిగా చూడాలన్నది ఆయన జవాబు. ఆ జవాబు తప్పని కాదు. కానీ చూసినవాళ్లు ఇన్నేళ్లూ వాటిని "భారతదేశం ఇలా ఉంటుంది" అన్న సాక్ష్యంగానే చూశారు. మాట ఏమిటో ముందే చెప్పకపోతే వచ్చే చిక్కు ఇదే.

కంచ గచ్చిబౌలి: నిజం పక్కన అబద్ధం నిలబడితే

మన దగ్గరి ఉదాహరణ దీనికన్నా గట్టిది. 2025 మార్చి 30, ఉగాది రోజు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఆ నేలని చదును చేయించడం మొదలుపెట్టింది. విద్యార్థులు అడ్డుకున్నారు, అరెస్టులు జరిగాయి. రాత్రిపూట లైట్ల వెలుగులో పని చేస్తున్న యంత్రాల వీడియోలు, నెమళ్ల అరుపులు ఉన్న వీడియోలు ఫోన్లలోకి వచ్చాయి. దేశం బయట ఉన్న మనలో చాలామంది ఆ రెండు మూడు రోజులు వాటినే చూశాం, షేర్ చేశాం.

వాటితోపాటే ఇంకో రకం బొమ్మలు కూడా వచ్చాయి. పారిపోతున్న జింకలు, ఏడుస్తున్నట్టున్న నెమళ్లు, వెనకాల వరసగా బుల్డోజర్లు. ఏఐతో చేసినవి. కొన్ని గిబ్లీ కార్టూన్ తరహాలో ఉన్నాయి కాబట్టి చూడగానే బొమ్మ అని తెలుస్తుంది. కొన్ని మాత్రం అచ్చం ఫోటోల్లాగే ఉన్నాయి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడాన్ని ఆపమంది. కోర్టు అడిగిన మీదట తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ ఆ చోటికి వెళ్లి చూశారు. పెద్ద విస్తీర్ణంలో, సుమారు 100 ఎకరాల్లో, చెట్లు తీసేశారని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదిక ఇచ్చారు. అంటే అసలు విషయం నిజమే. దాన్ని నిరూపించడానికి ఏఐ బొమ్మ అవసరమే లేదు.

తర్వాత ఏమైంది? ఏఐతో చేసిన నకిలీ ఫోటోలు, వీడియోలు జనాన్ని తప్పుదోవ పట్టించాయని ప్రభుత్వం గట్టిగా అందుకుంది. కేసులు పెట్టారు. గిబ్లీ తరహా బొమ్మ ఒకదాన్ని సోషల్ మీడియాలో రీషేర్ చేసినందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కి గచ్చిబౌలి పోలీసులు నోటీసు ఇచ్చారు. మాట్లాడాల్సింది చెట్ల గురించి. కొన్ని రోజుల పాటు చర్చ సగం ఫోటోల మీదకి పోయింది.

ఇందులో మనకో పాఠం ఉంది. నకిలీ ఫోటో చేసే పెద్ద నష్టం ఒక అబద్ధాన్ని నమ్మించడం కాదు. పక్కనున్న నిజమైన ఫోటోని కూడా "అదీ ఏఐయేలే" అని కొట్టిపారేసే వీలు ఇవ్వడం. అమెరికాలో న్యాయశాస్త్రం చెప్పే బాబీ చెస్నీ, డేనియెల్ సిట్రన్ అనే ఇద్దరు ఈ లాభానికి ఒక పేరు కూడా పెట్టారు. తెలుగులో చెప్పాలంటే "అబద్ధాలకోరుకి దక్కే డివిడెండ్". మంచి పని కోసమే కదా అని నకిలీ బొమ్మ షేర్ చేస్తే, ఆ మంచి పనికే గండి పడుతుంది. అక్కడ రాత్రిపూట ఫోన్ పట్టుకుని నిజంగా వీడియో తీసిన కుర్రాడి సాక్ష్యం విలువ తగ్గిపోతుంది.

ఫోటో నిజం, కింద రాసింది అబద్ధం

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. 2025 జులై 19న, సిటీవెస్ట్‌కి దగ్గర్లోనే, టాలాలోని కిల్నమనా ప్రాంతంలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. ఆయన ఐర్లాండ్ వచ్చి కొన్ని వారాలే అయింది. దెబ్బలు తిన్నది చాలక, ఆయన మీద దారుణమైన ఆరోపణలు సోషల్ మీడియాలో తిరిగాయి. వాటికి ఆధారం లేదని గార్డా వైపు నుంచి స్పష్టంగా వచ్చింది. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం ఇక్కడున్న భారతీయులకి జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఇలాంటి సందర్భాల్లో ఫోటోషాప్ అవసరం లేదు. ఒక మనిషి బొమ్మ, దాని పక్కన ఒక వాక్యం చాలు. ఆ వాక్యం ఎవరు రాశారో ఎవరూ అడగరు.

2024 అక్టోబర్ 31 రాత్రి డబ్లిన్ సిటీ సెంటర్‌లో జరిగింది చూడండి. హాలోవీన్ పరేడ్ ఉందని ఒక వెబ్‌సైట్‌లో ఉంటే, అది సోషల్ మీడియాలో పాకి, వేలమంది ఓకానెల్ స్ట్రీట్‌కి వచ్చి నిలబడ్డారు. పరేడ్ లేదు. చివరికి గార్డాలే అలాంటిదేమీ లేదు, వెళ్లిపోండి అని చెప్పాల్సి వచ్చింది. ఆ సైట్ ఏఐ సాయంతో పేజీలు నింపేది. వచ్చినవాళ్లలో పిల్లల్ని తీసుకొచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఈ ఊరి వాడుక, ఈ ఊరి పేపరు కొత్తగా వచ్చినవాళ్లకి అలవాటు ఉండదు. ఫోన్ చెప్పిందే ఆధారం. అందుకే ఇలాంటివాటికి మనం ముందు దొరుకుతాం.

మూడోది 2025 అక్టోబర్ 21 రాత్రి సిటీవెస్ట్ హోటల్ బయట జరిగిన గొడవ. అది నకిలీ కాదు. గార్డా వ్యాన్‌కి నిప్పు పెట్టారు, గార్డాల మీద వస్తువులు విసిరారు. ఆ వీడియోలు నిజమే. కానీ ఫ్రేములో మంట ఒక్కటే కనిపిస్తుంది. ఫ్రేము బయట ఎంత దూరం వరకు మామూలుగా ఉందో కనిపించదు. "ఏరా, మీ ఊరంతా తగలబడుతోందంట?" అని ఇంటి నుంచి అడిగితే అది వాళ్ల తప్పు కాదు. డాగేర్ వీధి గుర్తుందా? అక్కడ కదిలేవన్నీ మాయమై, కదలనివాడు మిగిలాడు. వైరల్ వీడియోలో దానికి తిరగేసి జరుగుతుంది. కదిలే మంటే మిగులుతుంది, కదలకుండా ఉన్న వెయ్యి ఇళ్లు మాయమవుతాయి.

అలాంటప్పుడు అమ్మానాన్నలకి ఉత్త "ఏం లేదులే" అనకండి. టీవీలో చూసిందే కాబట్టి ఆ మాట నమ్మరు. "జరిగింది నిజమే, హోటల్ దగ్గర. మేం ఉండేది ఇంత దూరం. ఆ దారిలో వెళ్లట్లేదు" అని మ్యాప్ మీద చూపించి చెప్పండి. ఫ్రేము బయట ఏముందో చూపించడం అంటే అదే.

గది ఫోటో, డిపాజిట్ డబ్బు

మన జేబుకి నేరుగా తగిలేది ఇల్లు. అద్దె ఇళ్లు దొరకని ఊళ్లో ఫోటో చూసి తొందరపడటం సహజం. మోసం చేసేవాడికి కావాల్సిందీ ఆ తొందరే. ప్రకటనల్లో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి.

ఒకటి, వైడ్ లెన్స్‌తో పెద్దగా చూపించినవి. ఇల్లు నిజం, సైజు కాదు. మంచం, తలుపు లాంటి తెలిసిన వస్తువుతో పోల్చి గదిని అంచనా వేయండి. సింగిల్ మంచం అటూ ఇటూ మరీ సాగినట్టుంటే లెన్స్ సాగదీసిందని అర్థం.

రెండు, ఖాళీ గదిలో కంప్యూటర్‌తో సోఫా, కర్టెన్లు పెట్టినవి. ఆ సంగతి చెప్పి పెడితే తప్పు లేదు. చెప్పకపోతే మీరు చేరేసరికి సోఫా ఉండదు. ఏమేమి వస్తాయో మెసేజ్‌లో రాయించుకోండి.

మూడు, అసలు లేని ఇళ్లు. ఎక్కడో హోటల్‌వో, వేరే దేశంలో అమ్మకానికున్న ఫ్లాట్‌వో ఫోటోలు తెచ్చి పెట్టేవి. ఓనరు విదేశంలో ఉన్నానంటాడు, వాట్సాప్‌లోనే మాట్లాడతాడు, ఇల్లు చూపించకముందే డబ్బు వేయమంటాడు, తాళం కొరియర్‌లో పంపుతానంటాడు. ఈ నాలుగిట్లో ఒక్కటి కనిపించినా ఆగండి.

ఈ మూడో రకాన్ని పట్టుకోవడానికి కొన్ని ఇంటి గుర్తులు ఉన్నాయి. ఐర్లాండ్‌లో ప్లగ్ సాకెట్లకి మూడు పలకల రంధ్రాలు ఉంటాయి. ఫోటోలో గుండ్రటి రెండు రంధ్రాల సాకెట్ కనిపిస్తే అది ఐరోపాలో ఇంకెక్కడో తీసింది. కిటికీలోంచి కార్లు కనిపిస్తే నంబర్ ప్లేటు చూడండి. ఇక్కడ ముందూ వెనకా తెల్లదే, ఎడమవైపు నీలం పట్టీ, మధ్యలో కౌంటీ అక్షరం. వెనక పసుపు ప్లేటు ఉంటే బ్రిటన్. పోస్ట్ బాక్స్ ఇక్కడ ఆకుపచ్చ, అక్కడ ఎరుపు. రోడ్డు మీద హెచ్చరిక బోర్డు ఇక్కడ పసుపు రంగు డైమండ్, అక్కడ ఎర్ర అంచు త్రికోణం. వీధి పేరు ఐరిష్‌లో, ఇంగ్లిష్‌లో రెండిట్లో ఉంటుంది. ఏఐ బొమ్మల్లో అక్షరాలు ఒక్కోసారి గజిబిజిగా వస్తాయి కాబట్టి ఆ బోర్డుని పెద్దది చేసి చదవండి.

ఫోటోని గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐలోనో వేసి వెతకండి. అదే గది ఇంకో ఊరి పేరుతో కనిపిస్తే కథ అక్కడితో అయిపోయింది. ఎయిర్‌కోడ్ అడిగి, స్ట్రీట్ వ్యూలో బయటి గోడ, కిటికీలు సరిపోతున్నాయో చూడండి. సిటీవెస్ట్‌లోనో, సాగర్ట్‌లోనో, రాత్‌కూల్‌లోనో తెలిసినవాళ్లు ఉంటే ఒక్క అరగంట వెళ్లి చూసి రమ్మనండి. ఎవరూ లేకపోతే లైవ్ వీడియో కాల్ అడగండి. ముందే తీసిన వీడియో కాదు, లైవ్. "ఇప్పుడు కిటికీ తెరవండి, ఇప్పుడు కుళాయి తిప్పండి" అని మీరు చెప్పినట్టు చేయాలి.

కాగితాల వైపు కూడా చూడాలి. ఏజెంటు అయితే ప్రాపర్టీ సర్వీసెస్ రెగ్యులేటరీ అథారిటీ లైసెన్స్ ఉండాలి, ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. అద్దె ఒప్పందాలు రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డులో నమోదు కావాలి. కొత్త అద్దెకి నమోదు తర్వాత జరుగుతుంది, ఓనరు తన ఇంట్లోనే గది ఇస్తే అది అవసరం లేదు. కాబట్టి అక్కడ పేరు లేనంత మాత్రాన మోసం అనుకోవద్దు. మామూలు అద్దె ఇళ్లకి ముందుగా అడగగలిగేది ఒక నెల అద్దె, ఒక నెల డిపాజిట్, అంతే. అంతకుమించి అడిగితే ఫోటో ఎంత బాగున్నా సరే, అనుమానించండి. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి, తర్వాత గార్డా స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మొదటి కొన్ని గంటలే ముఖ్యం.

ఫోటో లోపలి చీటీ

మామూలుగా ఫోటో ఫైలు లోపల ఎప్పుడు, ఏ ఫోన్‌తో, ఒక్కోసారి ఎక్కడ తీశారో రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, చేరేటప్పుడు గోడల ఫోటోలు తీసుకుంటారు కదా. డిపాజిట్ గొడవ వస్తే అవే సాక్ష్యం. వాటిని ఎడిట్ చేయకుండా, అసలు ఫైళ్లుగానే దాచుకోండి. పిల్లల స్కూలు, ఇంటి ముందు ఫోటోలు మాత్రం లొకేషన్‌తో ఎవరికీ పంపకండి.

కొత్తగా వస్తున్న ఏర్పాటు ఇంకోటి ఉంది. కెమెరాలోనే ఫోటోకి డిజిటల్ సంతకం వేసి, తర్వాత ఏ మార్పు చేశారో దాంట్లోనే నమోదు చేసే పద్ధతి. దీని ప్రమాణాల కోసం 2021లో అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ లాంటివి కలిసి ఒక కూటమి పెట్టాయి. 2023లో లైకా ఇది ఉన్న కెమెరా తెచ్చింది, ఇప్పుడు కొన్ని ఫోన్లలోకి కూడా వస్తోంది. ఒక్క హెచ్చరిక: సంతకం లేదంటే నకిలీ అని కాదు. స్క్రీన్‌షాట్ తీస్తే అది పోతుంది. కంచ గచ్చిబౌలిలో నిజమైన వీడియో తీసిన కుర్రాడి ఫోన్‌లో అది ఉండి ఉండకపోవచ్చు.

మనం పంపే ఫోటోలు

చివరిగా మన సంగతి. మనం కూడా జాన్ హైండ్‌లమే. ఎండ కాసిన రోజు తీసింది పెడతాం, వారమంతా పడ్డ వాన పెట్టం. నలుగురు పంచుకునే గది ఫ్రేము బయట ఉంటుంది, కొత్త జాకెట్ లోపల ఉంటుంది. అమ్మ సంతోషం కోసం చేస్తే దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అది పోస్ట్‌కార్డు.

అదే ఫోటో చూసి ఒకరు నిర్ణయం తీసుకుంటున్నారంటే అది ఇక పోస్ట్‌కార్డు కాదు. "అన్నా, ఐర్లాండ్ రావచ్చా?" అని ఊరి నుంచి ఎవరైనా అడిగినప్పుడు రీల్ లింకు పంపి ఊరుకోవద్దు. జూన్‌లో రాత్రి పదింటికి వెలుగున్న ఫోటోతో పాటు డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర ఫోటో కూడా పంపండి. గది అసలు సైజు, నెల అద్దె, పని దొరకడానికి మీకు పట్టిన టైం చెప్పండి. వాళ్ల నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేముందు తెలుసుకోవాల్సినవి ఇవి.

ఫోటో పెట్టేటప్పుడు కింద ఒక్క లైను రాయడం అలవాటు చేసుకుంటే చాలా చిక్కులు పోతాయి: ఎక్కడ, ఎప్పుడు, ఏం మార్చాను. "సిటీవెస్ట్ క్యాంపస్ స్టాప్, నవంబర్, ఆకాశం రంగు పెంచాను" అని రాస్తే ఎవరికీ నష్టం లేదు, ఫోటో అందం కూడా తగ్గదు. వేరేవాళ్ల ఫోటో షేర్ చేసేటప్పుడు ఆ మూడూ తెలియకపోతే, తెలిసేదాకా ఆగండి. ఆ కాసేపు ఆగడం వల్ల ఎవరి మీదో పడబోయే నింద ఆగిపోవచ్చు.